వూడూ బొమ్మ జోకు, లాగోస్ నుంచి ఒక వాయిస్ మెసేజ్

ఈ రోజు ఎపిసోడ్ ఒక తప్పు దిద్దుకోవడంతో మొదలుపెడుతున్నా. తప్పు నాదే.

కొన్ని నెలల కింద హారర్ సినిమాల మీద ఒక ఎపిసోడ్ చేశాం, గుర్తుందా? అందులో నేను "ఆఫ్రికాలో అయితే బొమ్మకి పిన్ను గుచ్చితే మనిషికి నొప్పి పుడుతుంది, వాళ్ల మతమే అది" అని నవ్వుతూ అనేశా. థంబ్‌నెయిల్ మీద కూడా పిన్నులు గుచ్చిన బొమ్మే పెట్టా. వీడియో బాగానే ఆడింది. తర్వాత లాగోస్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పంపింది మన తెలుగు కుర్రాడే, అక్కడ ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాడు.

"అన్నా, నీ వీడియో లంచ్ టైమ్‌లో చూస్తున్నా. నా పక్క సీటతను యోరుబా. ఆ బొమ్మ చూసి, ఏం చెప్తున్నాడు అని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పేశా. అప్పుడేం అనలేదు. సాయంత్రం బ్యాగు సర్దుకుంటూ, మా తాత బబలావో, ఇంట్లో ఆ మాట ఎత్తితే మా నాన్న ఊరుకోడు, ఇప్పుడు మీ దేశంలో కూడా నవ్వుతున్నారన్నమాట, అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదన్నా."

బబలావో అంటే ఏంటో కూడా నాకు అప్పటికి తెలీదు. తెలీకుండానే ఒక ఖండం మొత్తానికి ఒకే మతం అంటగట్టేశా. మెసేజ్ విన్నాక మూడు వారాలు ఇదే చదివాను. చదివిందాంట్లో నాకు గట్టిగా తగిలినవి మీకు చెప్తా.

ముందు ఆ బొమ్మ సంగతి తేల్చేద్దాం. వూడూ అని మనం అనే మాటకి మూలం వోడున్. పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్ అనే దేశం ఉంది, అక్కడ అది బతికున్న మతం. జనవరిలో దాని పేరు మీద జాతీయ సెలవు కూడా ఇస్తారు. బానిసలుగా పట్టుకుపోయినవాళ్లతో పాటు అది హైతీకి వెళ్లింది, 2003లో అక్కడి ప్రభుత్వం దాన్ని అధికారికంగా మతంగా గుర్తించింది. ఇక మనిషి బొమ్మ చేసి సూదులు గుచ్చడం యూరప్ మంత్రగత్తెల కథల్లోనూ బాగా పాతది. దాన్ని తీసుకొచ్చి హైతీ నెత్తిన పెట్టినవాళ్లలో హాలీవుడ్ వాటా పెద్దది. 1932లో వచ్చిన 'వైట్ జాంబీ' దగ్గర్నుంచి అదే వరస. నేను కూడా ఆ లైన్లో చివర నిలబడ్డవాణ్ణే. తులసిదళం చదివి భయపడ్డ అమ్మానాన్నల ఇంట్లో పెరిగాం కాబట్టి, మనకి పూజ అంటే ఒక బొమ్మ, చేతబడి అంటే ఒక బొమ్మ బుర్రలో ఎప్పుడో దిగిపోయాయి. వేరే ఊరివాడి పూజ ఆ రెండింట్లో ఏ గడిలో పడుతుందో మనం ఆలోచించి వెయ్యం.

సరే, బబలావో. నైజీరియా నైరుతి ప్రాంతంలో, పక్కన బెనిన్‌లో యోరుబా జనం ఉంటారు. వాళ్ల సంప్రదాయంలో పైన ఒలోడుమారే అనే పరమాత్మ, ఆయన కింద ఒరిషాలు అనే దేవతలు. ఓగున్ ఇనుముకి దేవుడు. కమ్మరివాళ్లకీ, డ్రైవర్లకీ, మెకానిక్కులకీ ఆయనే దిక్కు. మనం విజయదశమికి బండికి నిమ్మకాయ కట్టినట్టే అనుకోండి. షాంగో ఉరుములకి. ఒషున్ నది. వీళ్లందరి మాట మనిషికి చేరవేసే పద్ధతి పేరు ఇఫా. దాన్ని చదివేవాడే బబలావో. ఆ మాటకి అర్థం 'రహస్యాల తండ్రి'.

చదివేవాడు అన్నా కదా, ఇక్కడే నా ఇంజినీరింగ్ బుర్ర లేచి కూర్చుంది.

పదో తరగతిలో ఛందస్సు చదివాం గుర్తుందా? లఘువుకి నిలువు గీత, గురువుకి U. మూడు అక్షరాలు తీసుకుంటే ఒక్కోటి రెండు రకాలు, కాబట్టి ఎనిమిది గణాలు. యమాతారాజభానస అని బట్టీ పట్టాం. ఇప్పుడు మూడు కాకుండా ఎనిమిది స్థానాలు తీసుకోండి. ఎన్నొస్తాయి? 256. ఇఫాలో సరిగ్గా అదే. బబలావో చేతిలో 16 తాటిజాతి గింజలు ఉంటాయి. ఒక చేతిలోంచి ఇంకో చేత్తో గబుక్కున లాక్కుంటాడు. ఒక్క గింజ మిగిలితే ఎదురుగా పళ్లెంలో పరిచిన పొడి మీద రెండు గీతలు గీస్తాడు, రెండు మిగిలితే ఒక్క గీత. ఇంకేమైనా మిగిలితే లెక్కలోకి రాదు, మళ్లీ లాగాలి. ఇలా ఎనిమిది సార్లు. నాలుగు ఒక వరుస, నాలుగు ఇంకో వరుస. అంత టైమ్ లేనప్పుడు ఒపెలే అనే గొలుసు వాడతాడు. దానికి ఎనిమిది సగం పెంకులు ఉంటాయి, విసిరితే ఒక్కోటి వెల్లకిలానో బోర్లానో పడుతుంది. ఒక్క విసురుకి ఎనిమిది బిట్లు. అంటే ఒక బైట్ బ్రో!

ఆ 256 ఆకారాలని ఒడులు అంటారు. ఒక్కో ఒడు కింద పద్యాలుంటాయి. యునెస్కో లెక్కలో ఒక్కో ఒడుకి 800 దాకా, అవి ఇంకా పెరుగుతూనే ఉన్నాయట. ఎవరో ఒకప్పుడు ఏదో కష్టంతో ఇఫా దగ్గరికి వచ్చారు, ఏం చెయ్యమన్నారు, చేస్తే ఏమైంది, చెయ్యకపోతే ఏమైంది, ఇదీ పద్యాల వరస. పుస్తకం లేదు. అంతా నోటికి రావాలి. పిల్లాడు చిన్నప్పుడే గురువు ఇంట్లో చేరి ఏళ్ల తరబడి నేర్చుకోవాలి.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. విలియం బాస్కమ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1969లో ఇఫా మీద పెద్ద పుస్తకం వేశాడు. ఆయన రాసినదాని ప్రకారం, వచ్చినవాడు తన సమస్య బబలావోకి చెప్పక్కర్లేదు. మనసులో మాట గింజలకో డబ్బుకో గుసగుసగా చెప్పుకుంటాడు. ఒడు పడుతుంది, బబలావో పద్యాలు చదువుకుంటూ పోతాడు. ఏ పద్యం తన కథలా ఉందో, వచ్చినవాడే గుర్తుపట్టి ఆపుతాడు. నేను జాతకాలు నమ్మను, మీకు తెలుసు. కానీ ఇందులో జాతకం కన్నా ఎక్కువగా నాకు ఒక లైబ్రరీ కనిపించింది. తాళపత్రాలు కూడా లేని లైబ్రరీ. 2005లో యునెస్కో దీన్ని మానవజాతి మౌఖిక వారసత్వంలో గొప్పవాటిలో ఒకటిగా ప్రకటించింది.

ఇక్కడ ఒక బ్రేక్ వెయ్యాలి. ఇన్‌స్టాలో "కంప్యూటర్ బైనరీ కనిపెట్టింది ఆఫ్రికానే" అనే రీల్స్ తిరుగుతున్నాయి. అంత దూరం వెళ్లకండి. రెండు స్థితులతో ఆకారాలు కట్టడం ఒకటి, వాటితో కూడికలు గుణకారాలు చెయ్యడం ఇంకోటి. పైగా ఒంటి, జంట గుర్తులతో 16 ఆకారాలు వేసి ప్రశ్న చెప్పడం అరబ్బుల ఇసుక శాస్త్రంలోనూ ఉంది. అది మన దేశానికి కూడా వచ్చింది, రమల శాస్త్రం అంటారే, అదే. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వెళ్లిందో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. మన వాట్సాప్ గ్రూపుల్లో విమానాలు మనమే కనిపెట్టాం అనే ఫార్వర్డ్‌లు చూసి చూసి ఉన్నాం కాబట్టి, ఈ జబ్బు లక్షణాలు మనకి బాగా తెలుసు. ఇఫా గొప్పది అనడానికి సిలికాన్ వ్యాలీ సర్టిఫికెట్ అవసరం లేదు.

మరి ఇంత ఉన్నది, సొంత మనవడే చెప్పుకోడానికి సిగ్గుపడేదాకా ఎలా వచ్చింది?

కారణాలు చాలా ఉన్నాయి. బానిస వ్యాపారం, వలస పాలన, చర్చి బళ్లు, అంతకుముందు నుంచీ ఉన్న ఇస్లాం. నేను మాత్రం ఒక్క మాట దగ్గర ఆగుతా. ఎషు.

ఎషు కూడా ఒరిషానే. దేవతలకీ మనుషులకీ మధ్య కబుర్లు మోసేవాడు, నైవేద్యం పైకి చేర్చేవాడు, నాలుగు రోడ్ల కూడలిలో ఉండేవాడు. కాస్త చిలిపి. ఆయన మీద ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ఇద్దరు ప్రాణస్నేహితులు, పక్కపక్క పొలాలు. మధ్య గట్టు మీంచి ఎషు టోపీ పెట్టుకుని నడిచి వెళ్లాడు. టోపీ ఒక పక్క నలుపు, ఇంకో పక్క తెలుపు. సాయంత్రం ఒకడు "ఆ నల్ల టోపీ ఆయన ఎవర్రా" అన్నాడు. "తెల్ల టోపీ కదరా" అన్నాడు రెండోవాడు. మాట మాట పెరిగి కొట్టుకున్నారు. మన కజిన్స్ గ్రూపులో పాలిటిక్స్ మెసేజ్ పడ్డట్టే అన్నమాట. ఇద్దరూ చూసింది నిజమే, చూడనిది కూడా నిజమే. ఇలాంటి దేవుడాయన.

ఇప్పుడు శామ్యూల్ అజాయి క్రౌథర్ గురించి చెప్పాలి. యోరుబా కుర్రాడు. అజాయి అనేది బోర్లా పుట్టిన పిల్లలకి పెట్టే పేరు. 1821లో బానిసలు పట్టేవాళ్లు ఊరి మీద పడి ఎత్తుకుపోయారు. చేతులు మారి మారి ఓడెక్కాడు. 1822లో బ్రిటిష్ నౌకాదళం ఆ ఓడని పట్టుకుని అతన్ని సియెరా లియోన్‌లో దించింది. అక్కడ చదువుకుని క్రైస్తవుడయ్యాడు. 1864లో ఆంగ్లికన్ చర్చికి మొట్టమొదటి ఆఫ్రికన్ బిషప్ అయ్యాడు. యోరుబా పదకోశం వేశాడు, బైబిల్ అనువాదం ముందుండి నడిపించాడు. 1884 కల్లా బైబిల్ పూర్తిగా యోరుబాలోకి వచ్చింది. ఎత్తుకుపోయిన పాతికేళ్లకి తల్లి మళ్లీ కనిపించింది. ఆయన జీవితం ఒక్కటే ఒక సిరీస్ తియ్యొచ్చు.

ఆ అనువాదంలో దేవుడికి యోరుబా పేరే పెట్టారు. మరి సాతానుకి యోరుబాలో మాట లేదు, ఎందుకంటే వాళ్ల దగ్గర సాతాను లేడు. దేవుడికి ఎదురు నిలబడే పూర్తి చెడు అనే ఐడియానే లేదు. ఆ ఖాళీలో ఎషు పేరు పెట్టారు.

అంతే. ఒక డిక్షనరీ ఎంట్రీ. బడికి వెళ్లిన ప్రతి పిల్లాడూ అదే చదివాడు. తాత ఇంటి గుమ్మం దగ్గర పూజలందుకునే ఎషు, ఆదివారం ప్రసంగంలో నరకానికి రాజు. ఎషు, ఇఫా అని మొదలయ్యే ఇంటిపేర్లు మార్చుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఇఫా తీసేసి దేవుడనే అర్థం వచ్చే ఒలు పెట్టుకోవడం, ఎషు ఉన్నచోట జేసు అని మార్చుకోవడం. జేసు అంటే యేసు. ముందు ఒక్క అక్షరం చేరిస్తే చాలు, సాతాను కాస్తా రక్షకుడు అయిపోయాడు!

క్రౌథర్‌ని విలన్ చేసి మాట్లాడితే వీడియోకి వ్యూస్ వస్తాయి, కానీ నాకు చేతకాలేదు. యోరుబా ఈ రోజు ధైర్యంగా రాసుకునే భాష అవడంలో ఆయన చెయ్యి చాలా పెద్దది. ఈ రోజు ఎషు తరఫున వాదిస్తూ యోరుబాలో పోస్టులు రాసేవాళ్లు కూడా ఆయన దారి వేసిన లిపిలోనే రాస్తున్నారు. ఇల్లు కట్టినవాడే ఒక గదికి తాళం వేశాడు, అలా అనుకుంటున్నా నేను.

మనలాంటివాళ్లు వినాల్సిన ముక్క ఇప్పుడొస్తుంది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో యోరుబా పెట్టి ఎషు అని కొడితే డెవిల్ అని చూపించేది. చిన్న భాషలకి మెషీన్ దేన్ని చూసి నేర్చుకుంటుంది? రెండు భాషల్లోనూ పక్కపక్కన దొరికే పెద్ద పుస్తకం చూసి. చాలా భాషలకి అది బైబిలే. మిగతాది మీరే ఊహించుకోండి. 19వ శతాబ్దపు ఒక ఎంట్రీ 21వ శతాబ్దపు ఫోన్‌లోకి వచ్చి కూర్చుంది. "ఎషు సాతాను కాదు" అని హ్యాష్‌ట్యాగ్ పెట్టి యోరుబా కుర్రకారు గొడవ చేశారు, దిద్దించారు. ఒక మతాన్ని వెనక్కి తెచ్చుకోవడం అంటే డప్పులు, ఊరేగింపులు అనుకున్నా నేను. ఇక్కడేమో బగ్ రిపోర్ట్.

ఊరేగింపులు కూడా ఉన్నాయి, అది వేరే సంగతి. ఫేలా కుటి పాటలు విన్నారా? వినకపోతే ఈ రాత్రి వినండి. ఆయన తాత ఆంగ్లికన్ పాస్టర్, 1922లో లండన్ వెళ్లి యోరుబాలో చర్చి పాటలు రికార్డు చేసి వచ్చాడు. ఇంటిపేరు రాన్సమ్ కుటి. ఆ రాన్సమ్ బానిస పేరని 1970లలో ఫేలా పీకేసి, అనికులాపో అని పెట్టుకున్నాడు. 'చావుని జేబులో పెట్టుకున్నవాడు' అని అర్థం. తన క్లబ్బుకి ష్రైన్ అని పేరు పెట్టి, పాటల మధ్యలో ఒరిషాలకి పూజ చేసేవాడు. వాందే అబింబోలాది వేరే దారి. ఆయన స్వయంగా బబలావో, ప్రొఫెసర్ కూడా. ఇఫా పద్యాలు సేకరించి అచ్చువేశాడు, 1980లలో ఇఫే యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేశాడు. తాళం వేసిన గదిలోకి ఒకాయన గిటార్లు, శాక్సోఫోన్లతో దూరాడు, ఇంకొకాయన ఫుట్‌నోట్లతో.

సముద్రం అవతల సంగతి క్లుప్తంగా చెప్తా, అది ఇంకో ఎపిసోడ్ అంత ఉంది. బ్రెజిల్‌లో ఈ ఒరిషాలే కాందొంబ్లే పేరుతో బతికారు. బహియా రాష్ట్రంలో 1976 దాకా గుళ్లు పోలీసుల దగ్గర నమోదు చేసుకోవాల్సి వచ్చేది. గుడికి పోలీస్ పర్మిషన్! బియాన్సే పసుపు గౌనులో నీళ్లతో పాటు తలుపు తోసుకుని బయటికి వచ్చే వీడియో మీరు చూసే ఉంటారు, 2016. అది ఒషున్ అని చాలామంది వెంటనే గుర్తుపట్టారు.

ఆ ఒషున్ అసలు ఇల్లు నైజీరియాలో ఒషోగ్బో. ఊరి పక్కన 75 హెక్టార్ల అడవి, మధ్యలో నది. అడవిని కొట్టేస్తున్న రోజుల్లో అడ్డుపడినవాళ్లలో సుసానే వెంగర్ అనే ఆస్ట్రియా ఆవిడ ఉంది. 1950లో నైజీరియాకి వచ్చి పూజారిణి అయి, ఊరి శిల్పులతో కలిసి గుళ్లు కట్టి, 2009లో పోయేదాకా అక్కడే ఉండిపోయింది. 2005లో ఆ అడవి ప్రపంచ వారసత్వ ప్రదేశం అయింది. ప్రతి ఆగస్టులో జనం వేలల్లో వచ్చి నది నీళ్లు తాగి, సీసాల్లో పట్టుకెళ్తారు. కానీ ఇప్పుడు ఆ నీళ్లు బురద రంగులో ఉంటున్నాయి. పైన ఎక్కడో బంగారం తవ్వకాలు. నీళ్లు తాగొద్దని అధికారులు చెప్తున్నారు, భక్తులు తాగుతున్నారు. దేవతని తిరిగి తెచ్చుకున్నారు, నది చేయి జారుతోంది. ఈ పేరా రాసుకున్న రోజు నాకు సరిగ్గా పని సాగలేదు.

సంప్రదాయ మతాన్ని వాళ్లు ఇషేషే అంటారు. ఆగస్టు 20 దాని రోజు. 2023లో లాగోస్‌తో సహా కొన్ని యోరుబా రాష్ట్రాలు సెలవు ఇచ్చాయి. అదే ఏడు ఇలోరిన్ అనే ఊళ్లో ఒక పూజారిణి ఇషేషే పండుగ చెయ్యబోతే, ఇది ముస్లిం ఊరు, కుదరదు అని హెచ్చరించి ఆపించారు. నోబెల్ రచయిత వోలే సోయింకా అక్కడి ఎమిర్‌కి బహిరంగ లేఖ రాశాడు. ఆయనది చర్చి కుటుంబం, ఓగున్ మీద అభిమానం. సెలవు ఒక ఊళ్లో, నిషేధం పక్క ఊళ్లో. ఇంకా తేలలేదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. డబ్బు కోసం మనుషుల్ని చంపే 'మనీ రిచువల్' నేరాలు నైజీరియాలో నిజంగానే వార్తల్లో వస్తుంటాయి, చేసేవాళ్లు పూజ పేరే చెప్తారు. నాలీవుడ్ సినిమాల నిండా అదే. ఇషేషే పెద్దలు ఇది మా ధర్మం కాదు అంటారు, నేను ఆ మాట నమ్ముతా. కానీ కొడుకు చేతికి గొలుసు ఇవ్వడానికి భయపడే తండ్రిని చూసి నవ్వలేను. అతనికి పేపర్లో కనిపించేది ఆ వార్తే.

ఇప్పుడు ఆ లాగోస్ ఆఫీసుకి వెళ్దాం. ఈ ఎపిసోడ్ చేసేముందు మన కుర్రాడికి ఫోన్ చేసి, పక్క సీటతన్ని అడిగి, ఒప్పుకుంటేనే చెప్తానన్నా. పేరు వద్దు, మిగతా చెప్పుకో అన్నాడట.

తాత పోయి పదకొండేళ్లు. తాత ఒపెలే గొలుసు మేనత్త దగ్గర ఉంది, పాత సూట్‌కేసులో, మంచం కింద. గింజలు కూడా ఉన్నాయి. పద్యాలు లేవు. తాతకి ఎన్ని వచ్చో ఎవరూ లెక్కపెట్టలేదు, ఒక్కటీ రికార్డు చెయ్యలేదు. ఇంట్లో అప్పటికే మంచి ఫోన్లు ఉన్నాయి. చర్చిలో పెళ్లిళ్లన్నీ వీడియో తీశారు.

ఇప్పుడు అతను నెలకి రెండు శనివారాలు ఊరికి వెళ్తాడట. తాత ఊరు కాదు, పక్క ఊరు. అక్కడ ఒక ముసలాయన ఉన్నాడు, తాతకి తెలిసినవాడు. అతను ఫోన్ మధ్యలో పెట్టి రికార్డర్ ఆన్ చేస్తాడు. ముసలాయన మొదట్లో, రికార్డు దేనికి, నేర్చుకో, నోటికి రావాలి అని కసిరాడట. ఇద్దరూ రాజీకొచ్చారు, వారానికి ఒక పద్యం అప్పజెప్పితేనే ఇంకోటి రికార్డు చెయ్యనిస్తాడు. ఇప్పటికి పద్నాలుగు వచ్చాయి. నాన్నకి ఫుట్‌బాల్‌కి వెళ్తున్నా అని చెప్తున్నాడు.

"మీ వీడియో తీసెయ్యమంటారా అని అడిగానన్నా," అన్నాడు మన కుర్రాడు. "తీసెయ్యక్కర్లేదు, ఆ బొమ్మ మార్చమను చాలు, అన్నాడు."

థంబ్‌నెయిల్ మార్చేశా. ఆ జోకు ఉన్న నలభై సెకన్లు కత్తిరించేశా. కింద ఈ ఎపిసోడ్ లింక్ పెట్టా. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు పెట్టి మన ఊరి దేవతల పేర్లు కొట్టి చూడటం కూడా మొదలుపెట్టా, ఏమొస్తుందో ఇంకోసారి చెప్తా. వచ్చే ఆదివారం కలుద్దాం.